గోధుమ ఇంటి పిల్ల

తల్వండీ ఖుర్ద్, మాన్సా జిల్లా
12 నవంబరు 2017

ప్రియమైన జస్మేల్‌కు,

నీ వదిన చరణ్‌జోత్ రెండు చేతులూ జోడించి సత్ శ్రీ అకాల్ చెప్పి రాస్తున్న ఉత్తరం. వాహెగురు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, మీ ఆయనా, మీ గేదెలూ క్షేమమని తలుస్తాను. ఈ ఇంటి నంబరు చూస్తే నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తనందుకు నిన్ను తప్పుపట్టను. అందుకే కాగితం పట్టుకున్నాను. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

మీ అన్నయ్య గోధుమ విత్తే పనిలో తలమునకలుగా ఉన్నారు. నీ మేనకోడలు నవ్‌రీత్ బతికింది. అన్నిటికంటే ముందు ఈ మాటే రాయాల్సింది.

నువ్వు చివరిసారి ఎత్తుకున్నప్పుడు దానికి రెండేళ్లు. ఇప్పుడు పదమూడు. మొన్న వైశాఖిలో చూసినవాళ్లు ఎనిమిదేళ్ల పిల్ల అనుకున్నారు. దువ్వెన పెడితే జుట్టు ఊడి వచ్చేది. మే నెల ఎండల్లో కూడా చేతులు చల్లగా ఉండి స్వెట్టరు అడిగేది. బడిలో ప్రార్థనకు నిలబడితే కళ్లు తిరిగి పడేది. జలుబు చేసినా నెల్లాళ్లు మంచమే. చివరికి ఆ మంచం మీంచి జారినందుకే మణికట్టు విరిగింది.

బేబే నీకు కన్నతల్లి, ఆవిడ సంగతి నీకు తెలియనిదా? రొట్టెను నెయ్యీ బెల్లంతో నలిపి చూరీ, ఆపైన నేతిలో వేయించిన గోధుమపిండి పంజీరీ, పరాఠాలు, గోధుమ రవ్వ పాయసం. పిల్ల నోరు ఖాళీగా ఉంచేది కాదు. ఎంత తినిపిస్తే అన్ని విరేచనాలు. పొట్ట ఉబ్బెత్తు, కాళ్లూ చేతులూ పుల్లలు. ఊరివాళ్లు ఊరుకుంటారా? "మండీకి బళ్లకొద్దీ గోధుమ తోలతారు, మనవరాలికి ఒక్క రొట్టె పెట్టలేవా నసీబ్ కౌరూ?" అని బేబేని గురుద్వారా మెట్ల మీదే అడిగేవారు. బేబే ఇంటికొచ్చి ఇంకో పరాఠా కాల్చేది. పిల్ల ఎండిపోవడానికి కారణం అడిగితే మాత్రం నీ పేరే చెప్పేది. నీకు మూడో కడుపూ పోయి పుట్టింటికి వచ్చినప్పుడు పిల్లను ఎత్తుకున్నావు కదా, గర్భం పోయినదాని నీడ పసిదాని మీద పడిందని. ఆ మాటతోనే నిన్ను గడప తొక్కొద్దంది.

చెయ్యి కట్టించడానికి భటిండా తీసుకెళితే అక్కడి డాక్టరమ్మ చెయ్యి కంటే పిల్లనే ఎక్కువసేపు చూసింది. రక్తం తీయించింది, గొట్టం వేసి పేగు లోపల చూపించింది. చివరికి గోధుమ పడదంది. దానివల్ల పేగు లోపలి పొర పాడైపోయి ఏం తిన్నా ఒంటికి పట్టట్లేదట.

బేబేకి రోషం వచ్చింది. "గోధుమ పడకపోవడమేంటి డాక్టరమ్మా? రొట్టె తినకుండా బతికినోళ్లని ఎక్కడైనా చూశావా?"

"దక్షిణాదిలో కోట్లమంది అన్నం తిని బతుకుతున్నారు బేబే."

"బతుకుతున్నారేమోలే, పాపం" అంది బేబే.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇలాగే వదిలేస్తే నెత్తురు మిగలదు. ఎముకలు గుల్లబారతాయి, వయసొచ్చినా పెద్దమనిషి కాదు. ఏ జ్వరమొచ్చినా తట్టుకోలేదు, గుండె కూడా నీరసిస్తుంది. నువ్వు ప్రేమగా పెట్టేదే దాన్ని లోపల్నుంచి తినేస్తోంది" అంది. బస్సు దిగగానే బేబే తిన్నగా వంటింట్లోకి నడిచింది.

ఇక్కడి నుంచి నేను ఆవిణ్ణి పొగుడుతాను జస్మేల్, నీకు ఒళ్లు మండినా సరే. డెబ్బై దాటిన మనిషి పిండి డబ్బాను తనే ఈడ్చుకుంటూ పొలంలో మోటారు గదికి చేర్చింది. కొత్త పెనం, కొత్త పీట, కొత్త కర్ర కొనిపించింది. ఊళ్లో మరలో గోధుమ కూడా ఆడతారు, ఆ దుమ్ము కలిసినా పిల్లకు ముప్పే. అందుకని తన పెళ్లినాటి తిరగలిని గడ్డివాము వెనక నుంచి తీయించి మొక్కజొన్నలు తనే విసురుతోంది. మీ అన్నయ్య గోధుమ రొట్టె తినాలంటే గేదెల పక్కన కూర్చుని తినాలి. "ఆ చేత్తో పిల్లని ముట్టుకున్నావంటే చూడు!" అని గుమ్మంలోనే ఆపేస్తుంది. పిల్లకు తోడుగా తనూ మొక్కజొన్న రొట్టెకే మారింది.

గురుద్వారాలో అందరికీ పెట్టే లంగర్ భోజనానికి వెళ్లేటప్పుడు పిల్ల రొట్టె గుడ్డలో కట్టుకెళుతుంది. "గురువు ఇంటి రొట్టె వద్దంటావా?" అని ఒకావిడ ఎత్తిపొడిచింది. "గురువు పిల్లని బతకమన్నాడు, గోధుమే తిని బతకమనలేదు" అంది బేబే. నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది. అంతటి మొండిమనిషి, ఇన్నేళ్లు నమ్మినదాన్ని తన చేతులతోనే ఈడ్చి బయట పెట్టింది.

పిల్లకు ఇప్పుడు బుగ్గలొచ్చాయి. మొన్న నా మీద అలిగి తలుపు ధడాలున వేస్తే బేబే మురిసిపోయింది. "విన్నావా, ఎంత బలమొచ్చిందో!" అంది. ఆరోగ్యం జాగ్రత్త. మీ ఆయనకు నా నమస్కారాలు.

నీ వదిన,
చరణ్‌జోత్

తా.క.: బేబే వద్దంది గానీ నా కడుపులో ఆగడం లేదు. పిల్లకు తోడుగా అని పైన రాశానే, అది సగమే నిజం. ఈ జబ్బు రక్తసంబంధంలో వస్తుందని అందరికీ పరీక్ష చేశారు. మీ అన్నయ్యకు లేదు. బేబేకి ఉంది, ఇన్నాళ్లూ పైకి తెలియకుండా. కూతురుందా అని డాక్టరమ్మ అడిగింది. చిన్నప్పటి నుంచీ పుల్లలాగే ఉండేదని, కడుపులు నిలవలేదని బేబే చెప్పింది. దానికీ ఇదే కారణం కావచ్చు, ఆమెకూ పరీక్ష చేయించండి అంది డాక్టరమ్మ. బేబే నా వైపు తిరిగింది. "నీడ నా కూతురిది కాదే చరణ్‌జోత్, నాది" అంది.

ఆదివారం మొదటి బస్సుకు నీ దగ్గరికి వస్తోంది. మొక్కజొన్న పిండి మూట కట్టుకుంటే నేనే విప్పించాను. పరీక్ష అయ్యేదాకా నువ్వు గోధుమ మానకూడదట, మానితే జబ్బు బయటపడదట. కాబట్టి ఉత్త చేతులతో వస్తుంది. తిట్టాలనుంటే తిట్టు, పడుతుంది. కూతురి ఇంట పచ్చి మంచినీళ్లు ముట్టకూడదని, నీ పెళ్లయిన కొత్తలో వచ్చినప్పుడల్లా దాహంతోనే తిరిగొచ్చిన మనిషి. ఈసారి మాత్రం నువ్విస్తే తాగుతానంది.