ఏడుగురి పండగ

జెద్దా

మా ఆయనకు మహబూబ్బీ సలాం చేసి రాస్తున్నది. ఇక్కడ నేను బాగున్నాను. మీరు, అత్తమ్మ, పాప కులాసా అని తలుస్తాను. ఫోన్లో మాట్లాడితే అత్తమ్మ పక్కనే ఉంటుంది, నాకు నోరు రాదు. అందుకే ఊరికి వస్తున్న ఆయేషా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఫ్రాన్సు పండగ ఎలా ఉందని అడిగారు. మేడం వాళ్లు వేసవికి పోతూ చాకిరీకి నన్నూ తీసుకుపోయారు, అదే నా అదృష్టం. ఏం పండగ అది. ఒక్కరి ఒంటిమీదా కొత్త గుడ్డ లేదు. ఊరి పెద్ద మూడు రంగుల పట్టీ కట్టుకుని, చచ్చిపోయిన సిపాయిల పేర్లున్న రాయి దగ్గర పూలు పెట్టి, కాగితం చూసి ఏదో చదివాడు. మధ్యాహ్నం వీధిలో పొడుగ్గా బల్లలు వేస్తే దావత్ అనుకున్నాను. ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకుని తిన్నారు. సాయంత్రం ఫైరింజన్ వాళ్లు ఇంజన్లు బయట నిలబెట్టి, ఆ షెడ్డులోనే బీర్లు పోస్తూ ఆడామగా చిందులు. ఆపైన టపాకాయలు. ఎక్కడైనా అంటుకుంటే ఆర్పేదెవరో.

పూర్వం జనం జైలు పగలగొట్టి ఖైదీలను విడిపించిన రోజని మేడం కూతురు చెప్పింది. ఎంతమందిని అని అడిగాను. ఫోన్లో చూసి ఏడుగురంది. ఏడుగురికి ఇంత ఆర్భాటం. మన వీధి ఆడవాళ్లమే అంతకన్నా ఎక్కువమందిమి జెద్దా ఇళ్లల్లో ఉన్నాం.

పండగకు నీకేం కావాలని మేడం అడిగింది. నా పాస్‌పోర్టు ఆమె బ్యాగులోనే ఉంది. పాప నన్ను 'జెద్దా ఆమె' అంటోందని అత్తమ్మ నవ్వుతూ చెప్పింది గుర్తొచ్చి, మెల్లగా "ఖురూజ్" అన్నాను. ఇంటికి పంపే కాగితాన్ని అరబ్బీలో అలాగే అంటారు. బయటికి పోవడమన్నా అదే మాట. మేడం అదే అనుకుని, పండగ చూసి తొందరగా రమ్మని పంపింది. పోయి ఆ చిందులు చూసి, వచ్చి గిన్నెలు కడిగాను.

మీకు ఇన్నాళ్లూ చెప్పనిది ఒకటుంది. జెద్దా వచ్చాక మేడంతో మళ్లీ అన్నాను, ఇంటికి పోతాను, ఇక తిరిగిరానని. ఇంకో రెండేళ్లు ఉంటావని మీ ఆయన ఏజెంటుకు మాటిచ్చాడే అంది. నన్ను ఒక్క మాట అడక్కుండా ఇచ్చారు. ఏం మగతనమండీ అది. నా సిగ్గు ఆ పూటతో పోయింది.

"ఒప్పుకున్నది ఆయప్ప గదా మేడం. ఆ రెండేళ్ల ఈసా ఆయప్పకే ఏయించండి. అంట్లు బాగా తోముతాడు" అన్నాను.

మేడం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. మరుసటి రోజే ఖురూజ్ వేయించింది. టికెట్టూ వచ్చింది. బస్టాండుకు రావాలనిపిస్తే పాపను తీసుకుని రండి, లేకుంటే ఇంట్లోనే ఉండండి.

ఇట్లు,
మిమ్మల్ని అడక్కుండా వస్తున్న మీ ఇంటిది,
మహబూబ్బీ