జనరల్ గారి డ్రైవరు

ఎల్మ్‌కోట్, విల్ట్‌షైర్,
14 అక్టోబరు 1956.

మిస్ ఎడ్నా కీబుల్ గారికి,

సెసిలీ హావరిల్ గౌరవపూర్వకంగా రాస్తున్నది. మీరూ, మీ అక్కగారూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మోకాళ్లు తప్ప నేనంతా బాగానే ఉన్నాను.

నా దగ్గర్నుంచి ఉత్తరం వస్తుందని మీరు అనుకుని ఉండరు. మావారి విగ్రహం తెర తీసిన రోజున, టీ దగ్గర నేను మీతో మాట్లాడిన తీరు చూసినవాళ్లెవరూ అనుకోరు.

విగ్రహం మీద అప్పుడే పావురాలు చేరాయి. ఆ ముక్కు ఆయనది కాదని పాదిరీ గారి భార్య అంటోంది. ఊరికి మాత్రం గర్వంగానే ఉంది. ఎడారిలో ఓడి వెనక్కి వస్తున్న డివిజన్‌ను చేతికి తీసుకుని మళ్లీ నిలబెట్టినవాడు, ముందు వరస కందకాల దాకా నడిచి వెళ్లి సిపాయిల మగ్గులోనే టీ తాగినవాడు మా ఊరివాడని పిల్లలకి చెప్పుకుంటున్నారు. ఇటలీలో నది సంగతి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. పడవలన్నీ చేరకముందే దాటమన్నాడనీ, గెలిచాడు గానీ సగం మంది కుర్రాళ్లు నీళ్లలోనే పోయారనీ.

అంతటి మనిషి భార్యను కదా, ఆ రోజు అందరూ నా చుట్టూ చేరతారనుకున్నాను. కొత్త టోపీ కూడా కొనుక్కున్నాను. పాత సిపాయిలు నాకు తల వంచి, ‘లేడీ హావరిల్’ అని పలకరించి, మీ దగ్గరికి వెళ్లి నవ్వారు.

ఈ అసూయ ఆ రోజు పుట్టింది కాదు. యుద్ధంలో ఆయన కారు నడిపింది మీరు కదా, ఆయన రాసిన ప్రతి ఉత్తరంలోనూ మీరుండేవారు. కీబుల్ ఇసకలో కూరుకుపోయిన కారు బయటికి లాగింది. కీబుల్ ఎక్కణ్ణుంచో కోడిగుడ్లు సంపాదించింది. కీబుల్‌కి జ్వరం. ఎలా ఉంటారో చూద్దామని మీ ఫొటో తెప్పించుకున్నాను. పళ్లు కాస్త ఎత్తు. కొన్నాళ్లు హాయిగా ఉన్నాను. ఆ తర్వాత తెలిసింది, నేను భయపడాల్సింది అందానికి కాదని. ఆయన మాట్లాడుతుంటే అడ్డురాకుండా వినే మనిషి మీరు. నేనేమో ప్రతి మాటకీ ఒక జవాబు చెప్పేదాన్ని. యుద్ధం అయిపోయి ఇంటికొచ్చాక ఆయన నాతో మాట్లాడిందల్లా గులాబీ మొక్కల గురించి, ఇంటి కప్పు కారడం గురించి.

ఇక ఆ టీ సంగతి. మావారి జీవితచరిత్ర రాస్తున్న స్ట్రేకర్ గారు, నది దాటిన మర్నాడు జనరల్ సుఖంగా నిద్ర లేచి గుడ్లు తిన్నాడని రాశారట. అది విని మీరు నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పారు.

“అమ్మగారూ, అది అబద్ధం. ఆ పొద్దున కారు ఆపమన్నారు. నన్ను వెనక్కి తిరిగి చూడొద్దన్నారు. చాలాసేపు ఏడ్చారు. చెప్పమంటే స్ట్రేకర్ గారికి చెబుతాను. వద్దంటే నాతోనే పోతుంది.”

“నా భర్త ఏడవడు, మిస్ కీబుల్. మీరు ఆ రోజు ఇంకెవర్నో ఎక్కించుకుని ఉంటారు,” అన్నాను నేను.

మీరు కప్పు కింద పెట్టి బస్సు కోసం వెళ్లిపోయారు. తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఆ నదిలో పోయిన కుర్రాళ్ల తల్లులు రేపు ఆ పుస్తకం చదువుతారు. తమ బిడ్డల కోసం ఆయన ఏడ్చాడో లేదో వాళ్లకి తెలియాలి. అందుకు నా అసూయ అడ్డు రాకూడదు. స్ట్రేకర్ గారికి చెప్పండి. మిమ్మల్ని కలిసేదాకా ఆ అధ్యాయం ఆపమని ఆయనకి రాశాను. ఏడ్చినంత మాత్రాన ఆ ఆజ్ఞ సరైనదైపోదు, అదీ రాసుకోమనండి. చెప్పింది మీరేనని మీ పేరుతోనే వేయమన్నాను. అక్కడ ఉండే పేరు నాది కాదని ఇప్పటికీ నా కడుపు మండుతూనే ఉంది.

ఇట్లు,
సెసిలీ హావరిల్

తా.క. ఈ సంగతి పైన రాయడానికి చెయ్యాడక సంతకం పెట్టేశాను. పోయే ముందటి చలికాలం ఆయనకి మతి తప్పింది. నన్ను గుర్తుపట్టేవారు కాదు. మధ్యాహ్నం కాగానే కోటు తొడుక్కుని, షెడ్డులో కారు వెనక సీట్లో కూర్చుని, “పోనీ, కీబుల్” అనేవారు. మొదటిరోజు నేను విసురుగా ఇంట్లోకి వచ్చేశాను. ఆయన ఆ చలిలో అలాగే కూర్చుండిపోయారు. మర్నాడు తోటపని టోపీ పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని, “అలాగే సార్” అని కారు బయటికి తీశాను. అప్పట్నుంచి రోజూ నేనే కీబుల్‌ని. నది గురించి చెప్పారు, పడవల గురించి చెప్పారు, ఏడ్చారు. ఆ ఏడుపు నాకొక్కదానికే దక్కిందనుకున్నాను. మీకు ఎప్పుడో దక్కిందని తెలిసేసరికి తట్టుకోలేక అంత మాట అన్నాను.

ఒకరోజు మిల్లు వంతెన దాటుతుండగా, “ఇంటికి పద, కీబుల్,” అన్నారు. “సెసిలీ ఎదురుచూస్తూంటుంది. తనకి ఇవేవీ చెప్పలేదు నేను. తెలిస్తే ఇంక నా పక్కన పడుకోగలదంటావా?”

“పడుకుంటుంది సార్,” అన్నాను.

విన్నారో లేదో, అద్దంలో చూసేసరికి నిద్రపోతున్నారు.