మోగకూడని ఫోను

చిట్టితల్లి వాళ్ళమ్మకి, నా ఒంటికేం ఢోకా లేదు, బెంగపెట్టుకోకు. మా సినిమా వెనకటి రాజుల కాలం ప్రేమకథే. అందులో ప్రియురాలి కబురు తెచ్చే గుర్రం ఆలస్యమై కుర్రాడు చచ్చిపోతాడు. మా డైరెక్టరు దాన్ని ఈ కాలానికి మార్చి, గుర్రం తీసేసి ఫోను పెట్టాడు. కుర్రాడి మంచం పక్కన నక్కి, అతను కన్నుమూశాక దాన్ని మోగించడం నా పని. నిన్న అతను ఫోను వంక చూసే చూపు చూడలేక ముందే మోగించేశాను. “చావాల్సినవాణ్ణి బతికించావు కదయ్యా!” అని డైరెక్టరు అరిచాడు. అందరూ నవ్వారు. చెయ్యి జారిందన్నాను. నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్ళయింది. చిట్టితల్లి దగ్గు తగ్గిందా? నా స్వెట్టరు పంపించు. అమ్మకి దండాలు చెప్పు. ఆదివారం పొద్దున పక్కింటివాళ్ళ ఫోనుకి చేస్తాను. దాని దగ్గరే కూర్చుని, మోగీ మోగగానే ఎత్తు.