ఐస్‌క్రీమ్ డబ్బా

అత్తయ్యగారికి,

ఆ రోజు మీరు ఐస్‌క్రీమ్ డబ్బాలో వేడివేడి కూర తెస్తే, ఇరుగుపొరుగు ముందే పక్కకు తోసేసి, "ఈ విషం నా కడుపులో బిడ్డకా?" అన్నాను. మీరు డబ్బా కడుక్కుని వెళ్లిపోయారు.

వేడి వస్తువులు ప్లాస్టిక్‌లో పెట్టొద్దని, అందులోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని డాక్టరమ్మ చెప్పిన మాట నిజమే. అది వెనక్కి తీసుకోను. కానీ ఆవిడ విషం అనలేదు. అది నా నోటి దురుసు.

మీ ఇంట్లో ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్‌క్రీమ్ తప్ప అన్నీ ఉంటాయని మీ అబ్బాయి నవ్వుతుంటారు. చిన్నప్పుడు బడికి వేడన్నం కూడా వాటిలోనే కట్టేవారట. నిన్న మీరు ఫోన్‌లో, "ఒంట్లో బాగానే ఉంటోందా నాన్నా? ఒకసారి పరీక్షలు చేయించుకోరాదూ?" అన్నారని ఆయన చెప్పారు. నా మాట మీకెక్కడ తగిలిందో అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మను అడిగాను. ఆయన చిన్నప్పుడు తిన్నదాని గురించి బెంగ వద్దు, ఇకమీదట స్టీలు గిన్నెలు వాడితే చాలన్నారు. అత్తయ్యా, ఒక్కసారి రండి. ఈ మాట ఆవిడ నోటే వినిపిస్తాను.

ఆయనకు ఇవేవీ తెలియవు. అమ్మకు ఇన్నాళ్లకు తన మీద ధ్యాస మళ్లిందని నిన్నటి నుంచీ మురిసిపోతున్నారు.

మీ కోడలు