పదిహేనో కర్ర

చిరంజీవి అమ్మాయికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నీ కూతురూ కులాసా. నువ్వూ అల్లుడుగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పిల్ల వేళకు తింటోందా అని అడిగావు. నేను ఎదురుగా కూర్చుంటే తినక ఏం చేస్తుంది? ఎండకు మాడిపోయిందా అన్నావు. మాడింది. ఆటలో ఎడమచేతికి గ్లవ్ వేసుకుంటుంది కనుక ఆ చెయ్యి ఒక్కటే నీ రంగు, మిగతా అంతా నా రంగు.

ఈ సీజన్‌లో మొదటి ఐదుగురిలో నిలిస్తే పై టూరుకు, అంటే పెద్ద పోటీలకు, వెళ్తానని, లేకపోతే గోల్ఫ్ కర్రలు అటకెక్కించి ఉద్యోగంలో చేరతానని నీకు మాట ఇచ్చింది. ఆరో స్థానం వచ్చింది. "నా ఆట చాలలేదమ్మా" అని నీకు ఫోన్‌లో చెప్పిందట. ఆ మాట నిజం కాదు. అందుకే ఈ ఉత్తరం.

గోల్ఫ్ అంటే గొడుగు నీడన గొప్పవాళ్ళ కాలక్షేపమని మనం అనుకున్నాం. ఈ కింది టూరులో ఒక్కో గదిలో ముగ్గురమ్మాయిలు సర్దుకుంటారు. కర్టెన్ కడ్డీ నిండా మేజోళ్ళు, కిటికీలో ఆరేసిన గ్లవ్‌లు. వారం వారం ఊరు మారాలి. రెండు రోజుల ఆట కాగానే వెనకబడిన సగం మందికి ఇంటిదారి చూపిస్తారు. మన పిడుగూ అలా మూట కట్టిన వారాలున్నాయి. ఏడుస్తుందేమోనని చూశాను. తెల్లారేసరికి తడిగడ్డిలో నిలబడి, ఒకే చోటి నుంచి బంతిని మళ్ళీ మళ్ళీ కొడుతోంది. ఒక బంతి జెండా పక్కనే వాలింది.

"బాగా పడింది కదే, ఇంకా ఎందుకు?" అన్నాను.

"ఎందుకు బాగా పడిందో తెలియలేదు అమ్మమ్మా" అంది.

ఇన్నేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. జవాబు సరిపోతే సంబరపడే పిల్లల్నే చూశాను. సరిపోయిన జవాబును అనుమానించిన పిల్లను అప్పుడే చూశాను.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. అక్కడికే వస్తున్నాను. కోప్పడకు. వర్షాకాలం నుంచి దాని క్యాడీని నేనే. అంటే ఆట జరిగినంతసేపూ కర్రల సంచి బండిని లాక్కుంటూ వెంట నడిచేదాన్ని. ఉన్న క్యాడీ వేరే అమ్మాయి దగ్గర చేరిపోయాడు. "నువ్వు వద్దు అమ్మమ్మా, కుంటుతావు" అంది పిడుగు. "కుంటినా నీకంటే ముందే ఉంటాను, పద" అన్నాను. చేతికర్రగా దాని పాత పొట్టి గోల్ఫ్ కర్ర ఒకటి పట్టుకునేదాన్ని.

సంచిలో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదని ఈ ఆటలో నియమం. రోజూ ఆట మొదలయ్యే ముందు నేనే లెక్కపెడతాను. సీజన్ ఆఖరి పోటీలో చివరి రోజూ పెట్టాను, సరిపోయాయి. అంతలో జల్లు మొదలైంది. గొడుగు విప్పడానికి చెయ్యి కావాలని, చేతిలోని ఊతకర్రను సంచిలో దోపాను. అంతే, మరిచిపోయాను.

రెండో గుంట దగ్గర కర్ర తీయబోయి పిడుగు ఆగిపోయింది. తోటి ఆటగత్తెలు దూరంగా తమ బంతుల దగ్గరున్నారు. పక్కనే పొద ఉంది. అమ్మాయీ, రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎవరిదో పెన్సిలు తెచ్చావని నిన్ను బడి దాకా వెనక్కి నడిపించిన నేను, ఆ పూట ఏమన్నానో తెలుసా?

"అందులో పడేస్తానే. ఎవరూ చూడలేదు."

"నేను చూశాను కదా అమ్మమ్మా" అంది. కోపం లేదు, విసుగు లేదు. చెయ్యెత్తి రిఫరీని పిలిచింది. గుంటకు రెండు చొప్పున నాలుగు దెబ్బలు శిక్షగా దాని లెక్కలో కలిపారు. ఈ ఆటలో దెబ్బలు తక్కువ ఉన్నవాళ్ళదే గెలుపు.

"నా వల్లే కదే" అన్నాను.

"సంచి నాది. తప్పు నాదే రాసుకుంటారు. నువ్వు మొహం అలా పెడితే నా గురి చెడుతుంది, కాస్త నవ్వు" అంది.

ఆ తరువాత అది ఆడిన ఆట నువ్వు చూడాల్సింది. వానలో ఒక్క బంతీ దారి తప్పలేదు. తోటి ఆటగత్తెలే తమ ఆట మరిచి చప్పట్లు కొట్టారు. చివరికి ఐదో స్థానం ఒక్క దెబ్బ తేడాలో పోయింది. ఓడింది దాని ఆట కాదు, నా మతిమరుపు.

ఈ సంగతి నీకు చెబుతానంటే వద్దంది. "అమ్మకు మాట ఇచ్చాను, సాకులు చెప్పను" అంది. ఇప్పుడు పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది. వచ్చే వారం నీ ముందు నిలబడుతుంది. నువ్వు చూపించిన ఉద్యోగంలో నవ్వుతూ చేరుతుంది. ఎవరూ చూడని తప్పుకే చెయ్యెత్తిన పిల్ల నీకిచ్చిన మాట తప్పుతుందా? తప్పదు. నా భయమంతా అదే.

అది అడగదు. నేను ఆ మాట నుంచి విడిపించలేను. విడిపించగలిగేది నువ్వొక్కదానివే. అది గుమ్మంలో అడుగుపెట్టగానే, సంచి కిందకు దించకముందే, "ఆ మాట వదిలెయ్యి, ఇంకో సీజన్ ఆడు" అనెయ్యి.

ఇట్లు,
నీకు అమ్మ, దానికి అమ్మమ్మ