ఎర్ర లైటు మీద పందెం

మార్చి 2, ఆదివారం

టీచర్‌గా రిటైరై నెల. కారు కొని పదకొండు రోజులు. సెకండ్ హ్యాండే, అయినా నాది. ఇవాళ మొదటిసారి మా ఆయన్ని ఎక్కించుకున్నాను. పైన హ్యాండిల్ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగింది. నీళ్లలో మునిగిన థర్మామీటర్ బొమ్మ. ఆయన సరిగ్గా అప్పుడే కళ్లు తెరవాలా! దిగి నడిచి వెళ్లిపోయారు. ఇంజన్ చల్లారాక నేను ఇల్లు చేరేసరికి టీ పెట్టుకుని తాగేశారు కూడా.

పందెం ఆయనే కట్టారు. వచ్చే ఆదివారం సముద్రానికి వెళ్లాలి. ఈలోగా గానీ దారిలో గానీ ఆ లైటు మళ్లీ వెలిగితే కారు అమ్మేయాలి. వెలక్కపోతే జన్మలో అమ్మే ఊసెత్తరు. పౌరుషం పొడుచుకొచ్చి సరేనన్నాను.

మార్చి 3

బానెట్ ఎత్తాను. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ డబ్బాలో, కనీసం ఉండాల్సిన ‘మిన్’ గీత కన్నా కింద, అడుగున కాసిని. కుళాయి నీళ్లు తెచ్చి మూతిదాకా నింపాను. ఇంత తేలికా!

మార్చి 4

షాపుదాకా వెళ్లొచ్చాను. కారు కింద మడుగు.

మార్చి 5, మధ్యాహ్నం

షెడ్డులో మెకానిక్ అమ్మాయి నన్ను చూసి స్పానర్ పడేసి లేచి నిలబడింది. నా క్లాసులో వెనక బెంచీ. ఫిజిక్స్‌లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. నీళ్లు నింపింది నేనేనని తెలిసి నవ్వాపుకోలేకపోయింది. వేడెక్కితే పొంగవా మేడమ్, మాక్స్ గీత మీద ఖాళీ అందుకేగా అంది. కుళాయి నీళ్లతో లోపల సున్నం పేరుకుంటుందట, కూలెంటే పోయాలట.

అసలు దొంగ రేడియేటర్ మూత. ఇంజన్ చల్లారాక తీసి నా చేతిలో పెట్టింది. రబ్బరు రింగు ఎండి బీటలు వారింది. చేతులు కట్టుకుని, ప్రెషర్ పెరిగితే బాయిలింగ్ పాయింట్ ఏమవుతుంది అని అడిగింది. నా ప్రశ్నే. నా గొంతుతోనే. పెరుగుతుంది అన్నాను బుద్ధిగా. మరి మూత ప్రెషర్ ఆపకపోతే అంది. కూలెంట్ త్వరగా మరిగి బయటికి పోతుంది అన్నాను. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను! వారానికోసారి కుక్కర్ గాస్కెట్ చూసుకుంటాను! సిగ్గుతో చచ్చిపోయాను. అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది. నా పాఠం వెనక బెంచీదాకా వినబడిందన్నమాట.

మూత మార్చి, కూలెంట్ పోసింది. లోపల గాలి బుడగలుంటే లెవెల్ పడిపోవచ్చు, వారంపాటు రోజూ పొద్దున్నే బండి చల్లగా ఉండగానే చూడమంది. డిక్కీలో ఓ కూలెంట్ సీసా పెట్టింది.

మార్చి 7

వేలెడు తగ్గింది. పోశాను. ఆయన బాల్కనీలోంచి చూస్తున్నారు. చూడనీ.

మార్చి 9, సాయంత్రం, ఇసుకలో

వచ్చేశాం!

పొద్దున హడావిడిలో లెవెల్ చూడడం మర్చిపోయాను. తప్పు నాదే. కొండ ఎక్కుతుంటే ఎర్ర లైటు. పక్కకి తీసి ఆపాను. కారు పోయినట్టే.

ఆయన లైటు వైపే చూశారు. చూసి, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. తుడుస్తూనే ఉన్నారు. ఎందుకాపావన్నారు. లైటు అన్నాను. కళ్లజోడు లేకపోతే నాకేం కనబడదని తెలీదా అన్నారు.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

చల్లారడానికి ముప్పావుగంట. ఆయన మూత మీద చెయ్యి వేయబోతే ఒక్కటిచ్చాను. వెనకద్దం దుమ్ములో వేలితో బొమ్మ గీసి కూలెంట్ తిరిగే దారి చెప్పాను. పంపు, ఇంజన్, రేడియేటర్, మళ్లీ పంపు. ఆ వేడంతా చివరికి ఎక్కడికి పోతుంది అని అడిగారు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నన్నడిగిన మొదటి ఫిజిక్స్ ప్రశ్న. గాలిలోకి అన్నాను. కూలెంట్ పోశాం. కొండ దిగుతుంటే ఆయన హ్యాండిల్ పట్టుకోలేదు.

మార్చి 10, ఉదయం 6.30

వైపర్ కింద చీటీ. ఆయన చేతిరాత: లెవెల్ చూశాను, సరిపోయింది. కళ్లజోడు పెట్టుకునే చూశాను.