టికెట్లు చింపే వేలు

పాప వాళ్లమ్మకి,

నాకు జ్వరం లేదు, నీ మీద ఒట్టు. మొన్న మా బస్సు డ్రైవరన్నని జ్వరంతో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ కొత్త రోగమో కాదో ఎవరూ చెప్పరు. నన్ను మాత్రం డిపోలో ఒక గదిలో విడిగా ఉంచారు. మూతికి గుడ్డ కట్టుకోమని ఒకరంటే అక్కర్లేదని ఇంకొకరంటారు. మేనేజరైతే, "అన్నిటికీ భయపడితే బస్సులెవడు నడుపుతాడయ్యా?" అన్నాడు. పోయిన వారం, రోజూ ఎక్కే పెద్దావిడకి టికెట్ చింపి ఇవ్వబోతే, "నాలిక మీద వేలు తడుపుకున్నావు, నాకొద్దు నాయనా" అని దిగిపోయింది. ఇరవై ఏళ్ల అలవాటు, వద్దనుకున్నా వేలు నోటికే పోతుంది. ఆ వేలితో రోగాన్ని ఎంతమంది చేతుల్లో పెట్టానో తలచుకుంటే ముద్ద దిగడం లేదు.

అమ్మ దగ్గు పాతదేనా, కొత్తదా? దాచకుండా రాయి. నా ఉన్ని దుప్పటి పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా?

పాపకి నా ఆశీస్సులు. ఈ కార్డు నువ్వే చదివి వినిపించు, దాని చేతికి మాత్రం ఇవ్వకు. చింపేసి వేరేది రాద్దామంటే నా దగ్గర ఇంకో కార్డు లేదు. దీని స్టాంపు కూడా నాలికతో తడిపే అంటించాను.